లైటు వేస్తేనే వినబడే మా నాయనమ్మ

కంటి ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి,

అయ్యా,

విషయం: మా నాయనమ్మకు మతి తప్పినదన్న డాక్టరు గారి తీర్పును రద్దు చేసి, మరల పరీక్ష జరిపించుట గురించి.

డిగ్రీ చదివి ఖాళీగా కూర్చున్న పిల్ల తిన్నది అరక్క పెట్టుకున్న గొడవ ఇదని మా ఇంట్లో అందరి అభిప్రాయం. అది అలా ఉంచి, తమకు మనవి చేసుకునేది:

1. మా నాయనమ్మ బట్టలు కుడుతుంది. వయసుతో చెవులు మందగించాయి. ఎవరికీ చెప్పకుండా, ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటూ నెట్టుకొచ్చింది. ఇప్పుడు రెండు కళ్లకూ శుక్లాలు. పెదాలు మసకబారాయి, వాటితో మాటలూ పోయాయి.

2. "లైటు వెయ్యవే, వినబడట్లేదు" అంటుంది. "లైటు వేస్తే చెవులు తెరుచుకుంటాయా అమ్మా?" అని మా అత్త పడీపడీ నవ్వింది. నేను కిటికీ వెలుగు నా మొహం మీద పడేలా దగ్గరగా కూర్చుని, గొంతు పెంచకుండా అడిగాను: "జాకెట్టు చేతులు ఇంత పొట్టిగా కుట్టావేంటి?"

"నీ చేతులే పొడుగు, నా తప్పా?" అంది.

వెలుగుకు వీపు పెట్టి అదే అడిగితే, "లైటు వెయ్యవే" అంది.

3. తమ పరీక్ష గదిలో లైటు ఆర్పుతారు. డాక్టరు గారు మాస్కు కూడా పెట్టుకున్నారు. "ఏ అక్షరం కనిపిస్తోంది?" అని మళ్లీ మళ్లీ అడిగారు. "లైటు వెయ్యి బాబూ, వినబడట్లేదు" అంది నాయనమ్మ. ఆయన మా నాన్న వైపు తిరిగి, "ఈవిడకి మతి సరిగ్గానే ఉందా?" అన్నారు.

4. "ఈ మధ్య ఇంతేనండి" అన్నారు మా నాన్న.

ఈ నాలుగో అంశం తమ పరిధిలోకి రాదు. ఇంకెక్కడ రాయాలో తెలియలేదు. ముందురోజే ఆయనకు అంతా విడమరిచి చెప్పాను. "డాక్టరుతో నేను మాట్లాడతాలే" అని మాటిచ్చారు. నేను నోరు తెరిస్తే "నువ్వాగు" అన్నారు. బయటికొచ్చాక నాయనమ్మ "ఏమన్నాడ్రా?" అని అడిగితే, మొహం పక్కకు తిప్పుకుని "ఏం లేదమ్మా" అన్నారు. పెదాలు కనబడకుండా.

5. తత్ఫలితముగా "సహకరించని రోగి" అను కారణముచే ఆపరేషన్ నిలిపివేయబడినది. కళ్లు బాగుపడినా చెవులు తిరిగి రావని నాకు తెలుసు. పెదాలు తిరిగొస్తాయి.

కావున ముందు వెలుగులో, మాస్కు తీసి, ఏం అడగబోతున్నారో ఆవిడకు చెప్పి, ఆ తర్వాతే లైటు ఆర్పి పరీక్షించునట్లు ఆదేశించి, ఈ మనవిని తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఈ కాగితం వరకే),
బట్టలు కుట్టే ఆవిడ మనవరాలు

తా.క. నాయనమ్మనీ కుట్టుమిషనునీ తీసుకుని వేరే అద్దె గదికి మారుతున్నాను. "కిటికీ ఉందా?" అని ఒక్కటే అడిగింది. ఉంది. సోమవారం ఇద్దరం వస్తాం, నాన్న రారు. మీ పరీక్ష గదిలో స్విచ్చి తలుపు పక్కనే ఉంది. మీరు వేయకపోతే నేనే వేస్తాను.