బ్రెజిల్ ఫైటర్‌కు తీసిన దిష్టి

భవానీపురం, 2006
శుక్రవారం రాత్రి

మా శీను మళ్లీ ఆ బ్రెజిల్ ఫైటర్ సీడీ పెట్టాడు. ఏళ్ల తరబడి ఓటమి ఎరగని మనిషి అందులో ఒక్క దెబ్బకు పడిపోయాడు. శీను బొమ్మను అక్కడే ఆపాడు. ఫైటర్ కళ్లు తెరిచే ఉన్నాయి. జనం దిష్టే తగిలిందనిపించి, ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి టీవీ ముందు తిప్పాను.

"ఎప్పుడో అయిపోయిన ఆటమ్మా! ఇప్పుడు తీస్తే లేస్తాడా?" అని నవ్వాడు.

అప్పుడు చూశాను. టీవీ అద్దంలో, పడిపోయిన ఆ ముఖం మీదే మా వాడి ముఖం కనబడుతోంది.

మిరపకాయలు కుంపట్లో వేశాను. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టే. నల్లగా మాడాయి గానీ ఘాటు లేదు. ఎవరి దిష్టి, దుర్గమ్మ తల్లీ?

ఎల్లుండే శీను మొదటి ఫైటింగ్ పోటీ. ఇది రాసేముందు కూడా కుంపటి మీదికి వంగి గట్టిగా పీల్చాను. దగ్గు రాలేదు.