ఉప్పు గుంత

చిత్తూరు,
19-7-2009.

నాయనకు,

ధరణి నమస్కారాలు. అందరం క్షేమం అని మొదట రాసి, ఏడుపులేమన్నా ఉంటే ఆ తర్వాత మొదలుపెట్టాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. అందుకే రాస్తున్నాను, ఇక్కడ మనుషులందరం క్షేమంగానే ఉన్నాం. గుంతకల్లులో నువ్వు, అన్న, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం పక్కింటి జోయల్ తెచ్చిచ్చాడు. లారీలో బెల్లం లోడు తెచ్చి అక్కడ దించి వస్తూ మీ ఇంటికి వచ్చాడట, నువ్వు కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించావట. పెద్దాయన చిక్కిపోయినాడని అతనంటే, పక్కనున్న వాళ్లావిడ అమల "ఆయన ఎప్పుడు లావుగా ఉండినాడని?" అని కసిరింది. నేను అక్కడ నవ్వాను, లోపలికి వచ్చి ఏడ్చాను.

"ఫోను పెట్టుకోని ఈ ఉత్తరాలేందిమ్మా" అని అడిగావు. మా ఇంట్లోకి సెల్‌ఫోన్లు రాకూడదు నాయనా. వీధి వసారాలో ఒక వెదురు బుట్ట వేలాడదీశాడు నీ అల్లుడు. వచ్చినవాళ్లు చెప్పులు కింద, ఫోన్లు బుట్టలో వదిలి లోపలికి రావాలి. లోపల ఫోను మోగబోతే ముందుగా ఆయన స్పీకర్లలో టకటక గరగర వస్తుంది. అది వస్తే ఆయనకు బీపీ వస్తుంది. ఆ బుట్ట దగ్గర నిలబడి వీధంతా వినేటట్టు నీతో ఈ సంగతులు చెప్పలేను. అందుకే ఉత్తరం.

నువ్వు అడిగినవన్నీ ఒక్కొక్కటే చెబుతాను. నీ మోకాళ్లకు నూనె కాచి సీసాలో పోసి ఉంచాను, జోయల్ ఈసారి వచ్చేటప్పుడు ఇస్తాను. పాప బాగానే చదువుతోంది, కాకపోతే అమల వాళ్లింట్లో చదువుతోంది. ఇక్కడ గట్టిగా పాఠం చదివితే ఆయన పాటలు వినే గదిలోకి వినపడుతుందట. వానా? పడలేదు. వేలూరు వైపు నుంచి మబ్బు వస్తుంది, మన నెత్తి మీదుగా పోయి ఇంకెక్కడో కురుస్తుంది.

బావి ఎట్లుందని అడిగావు. అమ్మ పోయాక అన్న దగ్గరికి వెళ్లేటప్పుడు ఇల్లు నా చేతిలో పెట్టి, "ఇల్లు ఎట్లన్నా పోనీ, బావి జాగర్త" అని చెప్పిన మనిషివి. ఏమని రాయను? ముందు నీ అల్లుడి పాటల పెట్టె సంగతి రాస్తాను. అది అర్థమైతే బావి సంగతి దానంతట అదే అర్థమవుతుంది.

"అల్లుడు ఏందో పెట్టె కొన్నాడంట, రేడియో కంటే గొప్పదా?" అని అడిగావు కదా. దాన్ని మ్యూజిక్ సర్వర్ అంటారు. నల్లగా బీరువా సొరుగంత ఉంటుంది. పైన ఒక్క మీట కూడా ఉండదు. లోపల కంప్యూటర్లో ఉండేటట్టు డిస్కు ఉంటుంది. సీడీలు ఒక్కొక్కటే తినిపిస్తే, పాట ఇంతైనా తగ్గకుండా దాచిపెట్టుకుంటుందట. ఉగాది నుంచి ఆయనకు అదే పని. జ్యూస్ ఫ్యాక్టరీలో మామిడి సీజన్ మొదలైనా, ఇంటికి వస్తూనే సీడీల అట్టపెట్టె ముందేసుకుని కూర్చునేవాడు. అన్నీ దాచాడు, కానీ ఒక్క పాట కూనిరాగం తీయగా నేను వినలేదు. ఆయన పాట వినడు నాయనా, పెట్టెను వింటాడు.

అమ్మ చింతపండు, వేరుశనక్కాయలు పోసుకునే గది గుర్తుందా? అదే ఇప్పుడు పాటల గది. గోడలకు మందపాటి దిండ్లు కొట్టించాడు, కిటికీ మూయించాడు. మధ్యలో ఒకటే కుర్చీ. రెండోది వేయకూడదట, రెండు స్పీకర్ల శబ్దం సరిగ్గా కలిసేది ఆ ఒక్క చోటేనట. పెళ్లయిన ఇన్నేళ్లకు మొగుడూ పెళ్లాం పక్కపక్కన కూర్చుని ఒక పాట వినే యోగం అట్లా పోయింది. నన్ను ఒకసారి కూర్చోబెట్టాడు. పాట అయ్యాక బాగుందన్నాను.

"బాగుండేది కాదే, ఎనకాల తంబూరా ఎంత దూరంలో ఉండాదో ఇనపడిందా లేదా?" అన్నాడు.

నాకు పాట వినపడింది, తంబూరా దూరం తెలియలేదు. మళ్లీ నన్ను పిలవలేదు.

ఇంత చేసినా, స్పీకర్లలో 'ఉమ్' అని సన్నటి మోత ఉందని పట్టుకున్నాడు. నాకు వినపడలేదు, పాపకు వినపడలేదు. ఫ్రిజ్ ఆపించాడు, ఫ్యాన్లు ఆపించాడు, అమల వాళ్ల ట్యూబ్‌లైటు మీద కూడా అనుమానపడి వాళ్లను చీకట్లో కూర్చోబెట్టాడు. ఆఖరుకు పెట్టె అమ్మినవాళ్లు చెన్నై నుంచి ఒక మనిషిని పంపారు. అతను ఇల్లంతా తిరిగి చూసి, ఇంటికున్న ఎర్త్ చాలదు, ఈ పెట్టెకు విడిగా ఒక ఎర్త్ గుంత తవ్వాలన్నాడు. నేల ఎప్పుడూ తడిగా ఉండే చోటు కావాలన్నాడు. ఎండాకాలంలో చిత్తూరులో తడి నేల ఎక్కడుంటుంది? మన పెరట్లో, బావి పక్కన, చేదిన నీళ్లు జారి పోయే అరటి పాదు దగ్గర ఉంటుంది. అక్కడే తవ్వారు.

గుంతలో రాగి పలక దించి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్ల ఉప్పు, జాడీలో ఊరగాయ పెట్టినట్టు పైదాకా నింపారు. పలక నుంచి పైదాకా ఒక రాగి పట్టీ తెచ్చి, దానికి రాగి తీగ బిగించి పెట్టెకు కలిపారు. పైన సిమెంటు మూత పెట్టి, దానికొక కన్నం వదిలారు. లోపల ఎండిపోతే పని చేయదట, రోజూ ఆ కన్నంలో నీళ్లు పోయాలట. ఉప్పు కరిగి దిగిపోయినప్పుడల్లా మళ్లీ ఒక మూట వేయాలట. నీళ్లు పోసింది నేనే నాయనా. బావి అడుగుకు దిగిపోయిన నీళ్లను చేయి నొప్పి పుట్టేదాకా చేది, మనం తాగకముందే దానికి పోశాను. వీధిలో ట్యాంకరు దగ్గర ఆడవాళ్లు బిందెలతో కొట్టుకుంటుంటే, పెరట్లో నేను గుంతకు నీళ్లు తాపాను. అడిగినవాళ్లకు అరటి చెట్టుకు పోస్తున్నానని చెప్పాను. నిజం చెప్పడానికి సిగ్గేసింది.

మోత పోయిందన్నాడు నీ అల్లుడు. అది ఉన్నప్పుడూ నాకు తెలియదు, పోయినప్పుడూ తెలియదు. ఇంట్లో గొడవ తగ్గింది కదా అని ఊరుకున్నాను.

ఫ్యాక్టరీల ముందు మామిడి లారీలు బారులు తీరిన రోజుల్లో, ఒక పొద్దున అమల వచ్చింది. వాళ్లు తాగేదీ వండుకునేదీ మన బావి నీళ్లే కదా.

"అక్కా, పప్పు ఉడకలేదక్కా. పొద్దున్నించి పొయ్యి మీదే ఉండాది, గింజ గింజగానే ఉండాది" అంది.

"పప్పు పాతదేమో చూడు" అన్నాను.

"పప్పు కాదక్కా. నీళ్లు ఒగసారి నోట్లో పోసుకోని సూడు."

పోసుకున్నాను. ముందు ఏమీ తెలియలేదు. మింగాక నాలుక మొదట్లో ఉప్పు తగిలింది. నేను అమల మొహం చూశాను, అమల గుంత మూత వైపు చూసింది. ఆ వారంలోనే అరటి ఆకుల అంచులు మాడిపోయాయి. ఇంకో వారానికి పాప ఆ నీళ్లు తాగనని మొండికేసింది.

ఆయనకు చెప్పాను. కుర్చీలోంచి లేవలేదు.

"యాడుండాది ఉప్పు? నీ నోట్లో ఉండాది."

"ఒక్క గుక్క తాగి చూడండి."

"ఈ కాలంలో బావి నీళ్లు ఎవురన్నా తాగుతారా? క్యాన్ ఏపిస్తాలే."

అన్నట్టే మరుసటి రోజు నుంచి క్యాన్ వచ్చింది. నీ అల్లుడు ఆ బావి నీళ్లు నోట్లో పోసుకోలేదు నాయనా, ఈ రోజుకూ పోసుకోలేదు. గుంత పూడ్పించి ఇంకో చోట తవ్వించమని అడిగాను, బతిమాలాను. మోత మళ్లీ వస్తే ఎవరిది పూచీ అన్నాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. నీ దగ్గర నుంచి వచ్చిన కోపమే. ఆయన ఫ్యాక్టరీకి పోయాక స్పానర్ తీసుకుని పెరట్లోకి పోయి, మూత ఎత్తి, పెట్టెకు పోయే తీగను పట్టీ నుంచి ఊడదీశాను. తీగ చివరకు ప్లాస్టిక్ కవరు చుట్టి, కనపడకుండా మట్టిలో దూర్చి మూత పెట్టేశాను. ఆ రోజు నుంచి నీళ్లు పోయడం కూడా మానేశాను. మోత వస్తే ఆయనే లేచి పెరట్లోకి వస్తాడు కదా, అప్పుడు బావి దగ్గర నిలబెట్టి అడుగుదామనుకున్నాను.

ఆయన రాలేదు. రోజూ కుర్చీలో కూర్చున్నాడు, రోజూ విన్నాడు. ఒక ఆదివారం పొద్దున లాయర్ యోగానంద గారిని పాటలకు పిలిచాడు. కుర్చీ ఆయనకిచ్చి తను పక్కన నిలబడ్డాడు. నేను కాఫీ గ్లాసులు చప్పుడు కాకుండా పళ్లెంలో గుడ్డ పరిచి, తలుపు దగ్గర పాట అయ్యేదాకా కాచుకుని ఉన్నాను.

"సూడప్పా, పాటకూ పాటకూ మధ్యలో ఆ నిశ్శబ్దం సూడు. ఎర్త్ గుంత తవ్వినాకనే ఇంత నిశ్శబ్దం వచ్చింది" అన్నాడు నీ అల్లుడు.

"అవునబ్బా, భలే తెలస్తా ఉండాది తేడా" అన్నాడు యోగానంద, కళ్లు మూసుకుని.

తీగ మట్టిలో ఉంది నాయనా. నేను ఒక్కడుగు లోపలికి వేశాను, పళ్లెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. ఇద్దరూ తల తిప్పి నావైపు కోపంగా చూశారు. ఆ చప్పుడు మాత్రం వాళ్లకు బాగా వినపడింది.

ఆ పెద్దమనిషి వెళ్లాక నీ అల్లుడిని పెరట్లోకి పిలిచి, మూత ఎత్తి చూపించాను. ఎప్పుడు ఊడదీసిందీ చెప్పాను. "నీకు తెలియలేదు కదా, నీకు వినపడని మోత కోసం నాయన బావిలో ఉప్పు పోశావు కదా" అన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆయన్ని 'నువ్వు' అన్నది అదొక్కసారే. తీగ చివర చేతిలోకి తీసుకున్నాడు. ఇప్పుడైనా బావి వైపు చూస్తాడేమో అని చూశాను.

"అనుకుంటానే ఉండా. కొన్ని దినాలుగా ఏందో తేడా ఇనపడతానే ఉండాది నాకు" అన్నాడు.

వంగి తీగ మళ్లీ బిగించాడు. గుంతకు నేను నీళ్లు చేదను అని చెప్పేశాను. ఇప్పుడు రోజూ పొద్దున ఆయనే క్యాన్ ఎత్తుకుపోయి, కొన్న నీళ్లు అందులో పోస్తున్నాడు. నాకు నవ్వు కూడా రావడం లేదు.

వచ్చే ఆడికృత్తిక పండక్కి వచ్చి, దగ్గరుండి బావి పూడిక తీయిస్తానని రాశావు. మునెయ్యకు చెప్పి ఉంచమన్నావు. నేను పుట్టిన ఏడు నీతో కలిసి ఆ బావి తవ్విన మునెయ్య కదా, ఇప్పుడు దిగలేడు, కొడుకును దించాడు. పైకి వచ్చిన నీళ్లు దోసిట్లో పోసుకుని ఉమ్మేసి, "పూడిక తీస్తే పొయ్యేది కాదమ్మా. ఊట దగ్గిరే ఉప్పుండాది. గెట్టిగా నాలుగు వానలు పడి కడిగితే అప్పుడు సూడాల" అన్నాడు. కూలి ఇస్తే తీసుకోకుండా వెళ్లిపోయాడు.

ఇంకొకటి ఉంది నాయనా. దాన్ని రాయాలో వద్దో తెలియక ఇంత దూరం లాక్కొచ్చాను. గుంతకల్లు నీళ్లు గొంతు దిగడం లేదని నువ్వు రాసిన దగ్గర నుంచి, నెలకోసారి జోయల్ చేతికిచ్చి మన బావి నీళ్లు పంపుతున్నాను కదా. పోయిన నెల పంపినవీ, అంతకు ముందు పంపినవీ మన బావి నీళ్లు కావు. అంగట్లో కొన్నవి. ఎప్పటి క్యాన్‌లోనే పోసి, మూతకు ఎప్పటిలాగే గుడ్డ కట్టి పంపాను. ఉప్పు నీళ్లు నీకు ఎట్లా పంపను? బావి పోయిందని ఎట్లా రాయను? అమలకు తెలుసు. జోయల్‌కు తెలిసీ నీ ముందు కూర్చుని నోరు మెదపకుండా మజ్జిగ తాగి వచ్చాడు.

నువ్వేమో ఉత్తరంలో ఇట్లా రాశావు. "ఒక గుక్క దిగేతలికి పానం లేచొచ్చినాదమ్మా. వెయ్యి చెంబుల్లో పెట్టినా మన బావి నీళ్లు నేను కనుక్కుంటా." అది చదవగానే నాకు ఆ గదిలో కుర్చీ, కళ్లు మూసుకున్న యోగానంద గుర్తొచ్చారు. కూతురు తండ్రికి ఇట్లా రాయకూడదని నాకూ తెలుసు. కోపం వస్తే కోప్పడు. నాకు ఆ వాక్యం చదివినప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

ఇది చదివాక నీ నోటిదాకా ఒక మాట వస్తుంది. ఈ తూరి నీళ్లు ఏందో తేడాగా ఉండాయని అనుకుంటానే ఉండానమ్మా, అని. నీకు దండం పెడతాను, ఆ మాట మాత్రం అనకు. ఆ మాట ఈ ఇంట్లో ఒకసారి విన్నాను, మళ్లీ నీ నోట వినలేను. తెలియలేదు అను. మోసం చేసినావు అని నన్ను తిట్టు. ఏదైనా పడతాను.

ఆడికృత్తికకు తప్పకుండా రా. వసారాలో ఆగొద్దు, ఆ గదిలోకి పిలిస్తే పోవద్దు, నేరుగా పెరట్లోకి రా. నేను చేది నీ దోసిట్లో పోస్తాను. నోట్లో పోసుకో. ఉప్పగా ఉంటే ఉప్పగా ఉందని, గదిలో ఉన్న మనిషికి వినపడేటట్టు గట్టిగా చెప్పి ఉమ్మెయ్యి.

ఇట్లు,
ఆ బావి నీళ్లు తాగి పెరిగిన నీ కూతురు,
ధరణి