గాజు చుట్టూ త్రిభుజం

మాదాపూర్,
జూలై 1999

నాన్నగారికి పద్మావతి నమస్కారాలు.

నేను క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందన్నారు, మనసు కుదుటపడింది.

తిండి సంగతి అడిగారు. హాస్టల్లో పప్పు నీళ్లలా ఉంటుంది, తింటున్నాను. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని, 2000 సంవత్సరం వచ్చేలోగా ప్రోగ్రాముల్లోని రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలు చేయడమే పని. పక్క సీటువాళ్లతో ఇంగ్లీషులో రెండు ముక్కలు, అంతే. ఆదివారమైతే నోరు విప్పే పనే ఉండదు. ఒంటరిగా ఉంది నాన్నగారూ. ఉద్యోగం పర్మనెంటయిందా అనీ అడిగారు. అది చివర్లో చెబుతాను.

మా హాస్టల్ వాచ్‌మన్ నర్సయ్య కూతురు రజిత తొమ్మిదో తరగతి. ఆమధ్య మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. త్రిభుజంలో అంతరవృత్తం గీసి తెమ్మంటే, ముందు గాజు పెట్టి వృత్తం గీసి, దాన్ని తాకేలా చుట్టూ మూడు గీతలు గీసిందట. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ త్రిభుజానికి లెక్కలో ఇచ్చిన కొలత ఒక్కటీ లేదు. టీచరు చీవాట్లు పెట్టారట.

“గుండ్రంగనే వచ్చింది గదక్కా. తప్పేంది?” అంది.

నవ్వాపుకోలేకపోయాను. నవ్వి ఎన్నాళ్లయిందో. పక్కన కూర్చుని, బళ్లో మీరు మాకు చెప్పినట్టే చెప్పాను. ముందు త్రిభుజం, తరవాతే వృత్తం. రెండు కోణాలను సగం చెయ్యి, ఆ గీతలు కలిసేచోటే కేంద్రం. అక్కణ్ణించి భుజానికి లంబం దించితే వ్యాసార్ధం. వృత్తలేఖిని తిప్పితే, వృత్తం మూడు భుజాలనూ తాకేసరికి ఆ పిల్ల నోరు తెరిచింది.

“రేపు గూడ చెప్తవా అక్కా?”

ఈ ఊళ్లో రేపు నా కోసం ఒకళ్లు ఎదురుచూడడం అదే మొదలు. ఆ రోజు నుంచీ సాయంత్రాలు మెట్ల మీదే గడుస్తున్నాయి.

ఇక అసలు మాట. పర్మనెంటు కాగితం పోయిన సోమవారమే ఇచ్చారు. సంతకం చెయ్యనని చెప్పేశాను. బి.ఎడ్.కి దరఖాస్తు పెట్టాను. ‘ఈ సుద్దముక్క బతుకు నాతోనే ఆఖరు’ అని మీరు ఎన్నిసార్లన్నారో నాకు గుర్తే. నన్ను కంప్యూటర్లు చదివించింది అందుకేననీ తెలుసు. ముందు అమ్మతో చెప్పించుదామనుకున్నాను, మీ దగ్గర నాకా ధైర్యమైనా లేదా అని సిగ్గేసింది.

కోప్పడండి. నాలుగు పేజీలు తిట్టండి. జవాబు రాయకుండా మాత్రం ఊరుకోకండి. ఇక్కడ నాకు వచ్చే ఉత్తరాలు మీవే.

ఇట్లు,
మీ అమ్మాయి
పద్మావతి