గంట ఆగి ఫోన్ చెయ్యండి

గార్డెన్ రీచ్, కోల్‌కతా,
మే 20

చి. ఇంద్రజకు,

అమ్మవారి దయవల్ల ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ ఉన్నాం. నువ్వు బాగున్నావనుకుంటాను. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ కోసం నువ్వు ఆ దీవి కరకట్ట ఎక్కాలి, సగం మాట గాలికి పోతుంది. పైగా ఉత్తరాలు మానేస్తే నేను నేర్పిన తెలుగు నీ చేతిలోంచి జారిపోతుంది.

అసలు విషయం చెప్తాను, కోపం తెచ్చుకోకు. భవానీపూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి నర్సులు కావాలట. మన పక్కింటి దాలమ్మ మొగుడు సత్యారావు ఓడల డాక్‌లో పని దిగి వస్తూ పేపరు తెచ్చి చూపించాడు. నెలనెలా జీతం, ఉండటానికి హాస్టలు. నీ బదులు నేనే దరఖాస్తు నింపి ఇచ్చి వచ్చాను.

ఇరవై ఏళ్ళుగా ఈ వార్డులో నేను ఆనరరీ హెల్త్ వర్కర్‌ని. గర్భిణిని ఆసుపత్రికి తీసుకెళ్తే కొంత, పిల్లకి టీకా వేయిస్తే కొంత. జీతం మాత్రం లేదు. ఎవరికీ కడుపు రాని నెలలో నాకు ఏకాదశే. నిరుడు చలికాలం అలాంటి నెల ఒకటి వస్తే, అమ్మవారి ముందు నిలబడి వార్డులో కొత్త కోడళ్ళ పేర్లన్నీ వరసగా చదివాను. తరవాత సిగ్గేసి లెంపలు వేసుకున్నాను. నీకు ఆ గతి వద్దు.

మీ అమ్మ పోతూ నిన్ను నా చేతిలో పెట్టింది. తీసుకెళ్ళి నీళ్ళ మధ్య వదిలిపెట్టమని చెప్పలేదు. "నర్సు సదివించి గంగలో పడీసినావేటే రమా" అని దాలమ్మ రోజూ దెప్పుతోంది.

ఇట్లు,
నీ మేలు కోరే పిన్ని,
రమాకుమారి

తా.క. ఫారం నాలుగు పేజీలు. నాకు ఫారాలు నింపడం కొత్త కాదు కదా, పావుగంటలో ముగించాను. కౌంటర్లో అమ్మాయి నా చేతిరాత మెచ్చుకుంది.

---

దీవి నుంచి,
మే 28

పిన్నికి నమస్కారాలు.

నీ ఉత్తరం పడవవాడి గొడుగులో రెండు రోజులు ఉండి వచ్చింది. వాన పడితే గానీ అతను గొడుగు తెరవడు.

నన్ను అడగకుండా ఇలా చేస్తే ఎలా పిన్నీ? ఇక్కడ మూడేళ్ళు పనిచేస్తే పై చదువు సీటుకి అదనపు మార్కులు వస్తాయి. నేను వచ్చింది దానికోసమే, దాచడం దేనికి. ఇంకా ఏడాదిన్నర ఉంది. కానీ ఇప్పుడు మార్కుల సంగతి ఒక్కటే కాదు. డాక్టరు బాబు గురువారం వస్తాడు, అదీ నది ఒప్పుకుంటే. మిగతా రోజులు మొత్తం దీవికి నేనే. మొన్న ఒకావిడ మేకను తెచ్చింది. అడ్డం తిరిగిన పిల్ల. తీశాను. ఆ ప్రసవం ఏ గడిలో రాయాలో తెలియక రిజిస్టరు మూసేశాను.

నేను వెళ్ళిపోతానని ఎవరో పుకారు పుట్టించారు. ఆడవాళ్ళు అడవితల్లి బనబీబీ గుడిసె దగ్గర దారాలు కట్టి వచ్చారు. నీ అమ్మవారూ ఆవిడా ఎక్కడో కూర్చుని నా గురించి తేల్చుకోవాలి.

మా హెల్త్ సెంటరు వెనక గుడిసెలో శ్యామలి అని ఉంది. మొదటి బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ఎనిమిదో నెల. రోజూ సాయంత్రం వచ్చి "బీపీ చూడు దిదీ" అని చెయ్యి చాపుతుంది. బాగానే ఉంది వెళ్ళమంటే "ఇంకో చెయ్యి కూడా చూడు" అంటుంది. దాని మొగుడు కార్తిక్ పీతలు పట్టేవాడు. నాకు కూరగాయలు కొనే పని లేకుండా చేశాడు. జూలై మొదటి వారానికి నెలలు నిండుతాయి. దగ్గరుంటానని మాట ఇచ్చాను.

నీ ఇంద్రజ

తా.క. ఇంతకీ ఫారంలో నా గురించి ఏం రాశావు? నాకు ఎవరూ ఫోన్ చేయలేదు.

---

గార్డెన్ రీచ్,
జూన్ 5

చి. ఇంద్రజకు,

నీకు ఎందుకు చేస్తారు? నాకే చేశారు. "రమాకుమారిగారూ, ఇంటర్వ్యూకి రండి" అన్నారు. పెద్దదిక్కును కాబట్టి ముందు నాతో మాట్లాడతారేమో అనుకున్నాను. గద్వాల చీర కట్టుకుని, రామమందిరంలో ప్రసాదం పొట్లం కట్టించుకుని మెట్రోలో వెళ్ళాను.

లోపల ముగ్గురు కూర్చున్నారు. ముందు ప్రసాదం పెట్టాను, కాదనలేకపోయారు. "బరువైన మనిషిని ఒక్కరే పక్కకు తిప్పగలరా?" అని అడిగారు. మన ఇంటి సంగతి కనుక్కుంటున్నారనుకుని, మా ఆయన మంచాన పడ్డ రెండేళ్ళూ నేనే తిప్పానని చెప్పాను. "కోపం వస్తుందా?" అన్నారు. రాదన్నాను. "వాంతులకు అసహ్యపడతారా?" అన్నారు. వార్డులో సగం కోడళ్ళు నా భుజం మీదే చేసుకున్నారన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నా చేతిలో కాగితం పెట్టారు. రోగులకు ఆయాగా నన్ను తీసుకున్నారట.

జరిగింది ఇది. మా వార్డు ఫారంలో పై వరసలో తీసుకొచ్చే మనిషి పేరు, కింద కేసు పేరు రాస్తాం. ఇరవై ఏళ్ళ అలవాటు. ఇక్కడా పైన నా పేరు, నా వయసు, నా అనుభవం రాసేశాను. కింద నీ పేరు రాసి, పక్కన "మొదటిసారి" అని కూడా రాశాను. నువ్వు నా నామినీవి అనుకున్నారట వాళ్ళు.

విషయం చెప్తే నవ్వి, అమ్మాయిని పద్దెనిమిదో తేదీ బుధవారం పదిన్నరకు పంపమన్నారు. నువ్వు రావాలి. ఆ ఒక్కరోజే అడుగుతున్నాను. నువ్వు వచ్చేదాకా టీ ముట్టనని అమ్మవారికి చెప్పేశాను.

ఇట్లు,
పిన్ని

తా.క. జీతం అనే మాట పక్కన నా పేరు చూడటం అదే మొదటిసారి. ఆ కాగితం ఒకరోజు దేవుడి దగ్గర ఉంచాను. మరునాడు తీసేశాను. నేను ఆయాగా పోతే వార్డులో పిల్లల టీకాల తేదీలు ఎవరికి గుర్తుంటాయి?

---

దీవి నుంచి,
జూన్ 11

పిన్నికి,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే పడిపడి నవ్వాను. శ్యామలి ఎందుకని అడిగితే బెంగాలీలో చెప్పాను. అది కడుపు పట్టుకుని నవ్వింది. నొప్పులు వస్తాయేమోనని నేనే ఆపించాను.

వస్తాను. ఉద్యోగం కోసం కాదు, నీ టీ కోసం. నేను కరకట్ట మీద ఉన్నప్పుడు దాలమ్మత్త ఫోన్ చేసి, "మీ పిన్ని టీ మానేసినాది, అందరి మీదా పడిపోతంది, తొరగా రాయే" అని మొత్తుకుంది. బుధవారానికి సెలవు ఇచ్చారు. మంగళవారం చివరి పడవకు బయలుదేరి, గురువారం మొదటి పడవకు తిరిగి వచ్చేస్తాను. శ్యామలికి ఇంకా మూడు వారాలు టైముంది. "ఒక్కరోజే కదా దిదీ, వెళ్ళిరా" అంది. ఏదైనా అయితే ఫోన్ చెయ్యమని కార్తిక్‌కు చెప్పాను.

నీ ఇంద్రజ

---

గార్డెన్ రీచ్,
జూన్ 22

చి. ఇంద్రజకు,

నిన్ను తీసుకున్నారు. శుక్రవారం ఫోన్ వచ్చింది. ఆగస్టు ఒకటిన చేరాలి. నేను కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని, వరసగా రెండు గ్లాసుల టీ తాగాను. సత్యారావు కాళీఘాట్ పేడాలు తెచ్చి వీధంతా పంచాడు.

నువ్వు వెళ్ళాక ఒక్క మాట కూడా లేదేమిటి? క్షేమంగా చేరానని ఫోన్ అయినా చేయలేదు. శ్యామలికి అప్పుడే పురుడొచ్చిందా? పిల్లా పిల్లాడా? పసుపు ఊలుతో చొక్కా అల్లుతున్నాను. పసుపు అయితే ఎవరికైనా సరిపోతుంది. ఒక చెయ్యి అయింది.

ఇట్లు,
సంతోషంతో కాళ్ళు నిలవని
పిన్ని

తా.క. చెప్పడం మరిచాను. నువ్వు లోపలికి వెళ్తూ నీ ఫోన్ నా చేతికిచ్చావు కదా, అప్పుడొకటి మోగింది. మగగొంతు. "దిదీ, దిదీ" తప్ప ఇంకేమీ తెలియడం లేదు, మాట తెగిపోతోంది. ఇంటర్వ్యూ రోజున కూడా మాత్రల కోసం నీ ప్రాణం తీస్తారా అనిపించింది. "దిదీ పనిలో ఉంది, గంట ఆగి ఫోన్ చెయ్యండి" అని గట్టిగా చెప్పి పెట్టేశాను. చూశావా, మీ పిన్ని సెక్రటరీ పనికి కూడా పనికొస్తుంది.

---

దీవి నుంచి,
జూన్ 30

పిన్నికి,

భవానీపూర్ ఉద్యోగంలో నేను చేరను. వాళ్ళకు చెప్పెయ్యి. ఇక్కడ కూడా ఎక్కువ రోజులు ఉంటానో లేదో. జిల్లా ఆఫీసు నుంచి కాగితం రావాలి. నీ మీద నాకు ఏ కోపమూ లేదు. అది మాత్రం నమ్ము. టీ మానకు.

ఇంద్రజ

తా.క. ఆ రోజు నా ఫోన్ నువ్వు తీశావని ఎవరితోనూ అనకు. దాలమ్మత్తతో కూడా.

---

గార్డెన్ రీచ్,
జూలై 8

చి. ఇంద్రజకు,

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాక అర్థమైంది. నేను కూడా ఒక వయసు దాటి వచ్చినదాన్నే తల్లీ.

ఆ మగగొంతు ఎవరిది? ఎవరితోనూ అనవద్దంటే అర్థం కాదా? ఇంటర్వ్యూలో నెగ్గి వెళ్ళిపోతావని బెంగపెట్టుకుని ఫోన్ చేసి ఉంటాడు. అందుకేగా అంత కంగారు పడ్డాడు. పాపం, గంట ఆగమన్నాను. బెంగాలీ అయితే ఏం? మంచివాడైతే చాలు. అమ్మవారు కులం అడగదు, నేను అడుగుతానా?

దాలమ్మతో నేను చెప్పలేదు. అదే నా మొహం చూసి చెప్పించుకుంది. "పీతలు పట్టీ కుర్రోడెవుడోనేటి? అయితే మంచిదే, కూరకి కరువుండదు" అంది. కోప్పడ్డాను గానీ నాకూ నవ్వొచ్చింది.

ఆఫీసు కాగితం అంటే నిన్ను అక్కణ్ణించి వదిలే కాగితమే కదా. అది చేతికొచ్చాక స్థిమితంగా ఆలోచిద్దువుగాని. అబ్బాయిని కూడా తీసుకునిరా, కోల్‌కతాలో పని దొరకదా? ఆసుపత్రివాళ్ళకు నేనేమీ చెప్పలేదు.

ఇట్లు,
పిన్ని

తా.క. సోమవారం నేనే మీ జిల్లా ఆఫీసుకు వెళ్ళి ఆ కాగితం త్వరపెట్టిస్తాను. నువ్వు మొహమాటస్తురాలివి. శ్యామలి సంగతి ఈసారి కూడా రాయలేదు. చొక్కాకి రెండో చెయ్యి కూడా అయిపోయింది.

---

గార్డెన్ రీచ్,
జూలై 21

ఇంద్రజా,

పోయిన సోమవారం వెళ్ళాను. ప్రసాదం పొట్లం కూడా పట్టుకెళ్ళాను. అక్కడి గుమాస్తా నా వయసువాడే. నేను నీ పిన్నినని తెలిసి కుర్చీ చూపించి, తలుపు దగ్గరగా వేసి కాగితం చదివాడు.

నీ ఇంటర్వ్యూ రోజు, బుధవారం పదకొండు గంటలకు శ్యామలికి రక్తం పోవడం మొదలైందట. కార్తిక్ కరకట్ట ఎక్కి నర్సుకు ఫోన్ చేశాడట. గంట ఆగి చెయ్యమని నర్సు చెప్పిందట. మాట తెగిపోయి, దిదీ పనిలో ఉందని నేనన్నది అతనికి వినపడి ఉండదు. దిదీయే ఆగమంది కాబట్టి భయం లేదనుకుని ఆగారట. ఈలోగా పోటు నీళ్ళు తీసి పడవ బురదలో కూర్చుంది. మళ్ళీ నీళ్ళొచ్చేసరికి సాయంత్రం. గుడిసెలోనే పాప పుట్టింది. శ్యామలి దక్కలేదు.

కింద నీ సంతకం ఉంది. ఆ మాట ఫోన్‌లో నేనే అన్నాను అని నీ చేతిరాత ఉంది. అందుకే ఉద్యోగం తీసేస్తున్నారు. నేను త్వరపెట్టాలని వెళ్ళిన కాగితం ఇదే.

నీ బదులు నా పేరు రాస్తే నా వార్డు పోతుందని భయపడ్డావు. నాకు తెలుసు.

ఇరవై ఏళ్ళలో ఏ వేళ ఏ ఫోన్ వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే. నొప్పులా, రక్తమా? అన్నం ముద్ద చేతిలో ఉన్నా అడిగాను. మా ఆయన పోయిన రోజున కూడా ఎవరో చేస్తే అడిగాను. ఆ బుధవారం అడగలేదు. ఆ రోజు నేను హెల్త్ వర్కర్‌ని కాదు. అక్క కూతురికి జీతం వస్తుందని గద్వాల చీర కట్టుకుని కూర్చున్న పిన్నిని. ఆ మనిషిని నీకు పెళ్ళికొడుకును చేసి నవ్వుకున్నాను కూడా. ఆ ఉత్తరం చింపెయ్యి.

గుమాస్తాను తెల్లకాగితం అడిగి జరిగింది రాసిచ్చాను. "వద్దు మాసీ, అమ్మాయికి భవానీపూర్‌లో ఉద్యోగం ఉందంటున్నారుగా. మీరు ఇది ఇస్తే ఇద్దరికీ చెడ్డ. ఆ అమ్మాయి దీవిలోనే ఉండిపోతుంది, మీ పని మీకు పోతుంది" అన్నాడు. మంచివాడే. అయినా ఇచ్చాను. ముద్ర వేసేదాకా అక్కడే నిలబడ్డాను.

వార్డువాళ్ళు గురువారం పిలిచారు. విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. రిజిస్టరు, పిల్లల్ని తూచే బుట్ట ఇచ్చేసి వచ్చాను. అక్కడ ఒక్కరూ కోపంగా మాట్లాడలేదు. మాట్లాడితే బాగుండేది.

భవానీపూర్‌కు కూడా ఫోన్ చేసి, మా అమ్మాయి రాదని చెప్పాను. నిన్ను రమ్మని ఇక రాయను. అక్కడే ఉండు. ఆ గొంతు నీది కాదని కార్తిక్‌కు చెప్పు. నా పేరు పెట్టి చెప్పు. నన్ను కాపాడాలని చూడకు. ఆగమన్నది నువ్వేనని దీవిలో అనుకుంటే, రేపు ఇంకో ఆడది నొప్పులతో ఉండి కూడా నీకు కబురు చెయ్యదు. అందుకోసమైనా చెప్పు.

అమ్మవారిని ఇప్పుడు ఏమీ అడగడం లేదు. దీపం పెట్టి, కాసేపు కూర్చుని లేస్తున్నాను.

పిన్ని

తా.క. పాప బరువు ఎంతుందో రాయి. ఏ పాలు పడుతున్నారు? గిన్నె మరిగిస్తున్నారా? నెల నిండింది కాబట్టి ఇంకోసారి తూచు. టీకా తేదీ దాని నాయనమ్మకు రెండుసార్లు చెప్పు, ఒకసారి చెప్తే మరిచిపోతారు.