తమ్ముడు ముట్టని రొట్టె

జూలై 6, ఆదివారం

పొద్దున జరిగిందంతా వరుసగా రాసుకోవాలి. ఏదో మొదలైంది. ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

వానకు తెల్లవారుజామునే మెలకువ వచ్చింది. ప్రార్థన. తర్వాత ప్రభువు బల్లకు రొట్టె. గోధుమపిండి, బోరు నీళ్ళు, అంతే. ఉప్పు వేయను, పులియనివ్వను. పెనం కాగుతుండగా తమ్ముడు ప్రభాకర్ డ్యూటీ దిగి వచ్చాడు. ట్యాంకర్ రోడ్డు మీదే ఆపాడు. టీ అడగలేదు. నల్లా కింద చేతులు కడిగాడు. సబ్బుతో. మళ్ళీ సబ్బుతో. అరుగు మీద నుంచి అమ్మ, "చేతులు అరుగుతయిరా, ఇంకెంత కడుగుతవ్" అన్నది. వాడు నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేవాడే. చొక్కా విప్పి బకెట్లో పడేశాడు. ఘాటు వాసన, కళ్ళు మండేంత. వాడు ట్యాంకర్ నడిపే కెమికల్ కంపెనీ వాసనే కదా అనుకున్నాను.

రొట్టె ఒక పక్క కొంచెం మాడింది. తెల్లగుడ్డలో చుట్టాను. మరదలు సునీత పిల్లలకు జడలు వేస్తోంది. చిన్నది రిబ్బన్ కోసం ఏడుపు. అంతా మామూలే.

సంఘంలో రొట్టె పళ్ళెం మగవాళ్ళ వరుసలోకి వెళ్ళింది. ప్రభాకర్ చేతికి వచ్చింది. చూశాడు. ముక్క తుంచలేదు. పక్కతనికి అందించేశాడు. ద్రాక్షరసం గిన్నె కూడా అంతే.

బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఒక్క వారం వదలలేదు వాడు. పాపం లోపల పెట్టుకొని రొట్టె ముట్టకూడదు. మా వాళ్ళలో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే అందరి తలలూ తిరిగాయి.

బయట సంఘపెద్ద దానయ్యగారు, మెల్లగా: "మళ్ళ తాగుడు షురూ చేసిండా, సిస్టర్?"

లేదన్నాను. నాకేం తెలుసు...

జూలై 7, సోమవారం

ఊరి కుంటలో చేపలు తేలాయి. పొట్టలు పైకి, తెల్లగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా. కొంగలు దిగడం లేదు.

ప్రభాకర్ అన్నం కలిపి వదిలేశాడు.

జూలై 8, మంగళవారం

కుంట కావలి లింగయ్యను పోలీసులు తీసుకుపోయారు. ఆ మధ్య చేపల సొసైటీ వాళ్ళతో వాటా గొడవ. "మీరు చేపలెట్ల పడ్తరో నేనూ చూస్త" అన్నాడట నలుగురిలో. ఇప్పుడు ఆ మాటే సాక్ష్యం. నీళ్ళలో మందు కలిపాడంటున్నారు. పోలీసులు రాకముందే కొట్టారు, సొసైటీలోని తన వాళ్ళే.

సునీత ఇదంతా చెబుతుంటే ప్రభాకర్ లేచి బయటికి నడిచాడు. చెప్పులు లేకుండా.

అప్పుడు బకెట్లోని చొక్కా వాసన గుర్తొచ్చింది.

జూలై 9, బుధవారం

వాణ్ణి అడగలేదు. ప్రార్థనకు కూర్చుంటే మాటలు పెదాల దగ్గరే ఆగిపోతున్నాయి.

మధ్యాహ్నం యాదమ్మ వచ్చింది. లింగయ్య భార్య. తూంకుంట బజారులో చేపలమ్మే తట్ట చంకలో, ఖాళీగా.

"అక్కా, మీ తమ్మునికి ఠాణాల ఎవరన్న ఎరుకనా? డ్రైవర్లకు ఎరుకైతరు గదా పోలీసోళ్ళు."

అడుగుతానన్నాను.

"మా పోచమ్మకు మొక్కిన. మీ యేసుకు గూడ నువ్వు జెర చెప్పు. ఎవలో ఒకలు ఇనకపోతరా."

చెప్తానన్నాను. లోపలి గదిలో మంచం కిర్రుమంది. వాడు వింటున్నాడు.

జూలై 10, గురువారం

చెప్పాడు. పెరట్లో, బకెట్ బోర్లించుకొని కూర్చొని, నేల చూస్తూ.

"వాన పడేటప్పుడు కుంట కాడ ట్యాంకర్ వాల్వ్ తిప్పమన్నడక్కా సూపర్‌వైజర్. గుండ్లపోచంపల్లి నుంచి కెమికల్ నీళ్ళు శుద్ధిచేసే కాడికి అంత దూరం పోయి పారబోసుడు దండుగ అన్నడు. నీళ్ళల్ల నీళ్ళు కలుస్తయి, ఎవనికి ఎరుక అన్నడు."

"ఈ ఒక్కసారేనా?"

"ఒక్కసారే అయితే కండ్లు మూసుకొని రొట్టె తీస్కుందునక్కా."

గాలి లేదు. తీగ మీద ఆ చొక్కా కదలకుండా వేలాడుతోంది.

"దేవుడు మాఫ్ చేస్తడా?"

"చేస్తడు."

"మరెందుకట్ల చూస్తున్నవ్?"

"లింగయ్య ఠాణాల ఉన్నడు గదరా."

జూలై 11, శుక్రవారం

దానయ్యగారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ముగ్గురం మోకరించాం. ప్రభాకర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన వాడి తల మీద చెయ్యి పెట్టి: "ఒప్పుకున్నవ్ తమ్మీ. ప్రభువు రక్తం కడిగింది. ఇగ అయిపోయింది. ఠాణా ముచ్చట తొందరపడకు. సంఘం పేరు ఖరాబైతది."

దారిలో అడిగాను, తేలికైందా అని. అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వాసన పోలేదక్కా."

రక్షణ ఉచితమని చిన్నప్పటి నుంచీ విన్నాను. ఉచితమే. నమ్ముతాను. కానీ మన పాపానికి ఇంకొకడు దెబ్బలు తింటుంటే, మనం శుద్ధులమయ్యామని ఇంట్లో కూర్చోవడం... యేసు ఇష్టంతో మోశాడు. లింగయ్యను ఎవరడిగారు?

సాయంత్రం కంపెనీ తెల్ల జీపు వచ్చింది. సూపర్‌వైజర్. కుర్చీ వేస్తే కూర్చోలేదు. "ప్రభాకరన్నా, కొన్ని రోజులు ఎటన్న పోయి రారాదే?" గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగి, నవ్వుతూ: "పిల్లలు ఏ బడికి పోతున్నరు?"

అమ్మ లేచి తలుపు వేసింది.

జూలై 12, శనివారం

పొద్దున బోరు నీళ్ళలో అదే వాసన. నేను చెప్పేలోపే అమ్మ గ్లాసెడు తాగేసింది. రేపటి పిండికి క్యాన్ నీళ్ళు తెప్పించాను.

యాదమ్మ కబురు పంపింది. లింగయ్య తానే చేశానని ఒప్పుకున్నాడట. దెబ్బలకు తాళలేక.

చేయనివాడు ఒప్పుకున్నాడు.

సాయంత్రం నలుగురం కూర్చున్నాం. పిల్లలను లోపల పడుకోబెట్టాం. సునీతకు ఈ రోజే తెలిసింది. "తాగొచ్చిండనుకున్న వదినె. తాగుడే నయముండె." తర్వాత గొంతు పెంచింది: "పెద్దాయిన అయిపోయిందన్నడు గదా! దేవుడే ఇడిచిపెడితే మనమెందుకు పట్టుకోవాలె? ఈయినను జైలుకు తోలి నువ్వూ నేనూ పాటలు పాడుదమా?"

తప్పు మాట కాదు. భయం మాట. నాకూ అదే భయం.

నేనన్నది ఒక్కటే. దేవుడు మనల్ని క్షమించి విడిచిపెట్టింది లింగయ్యను పట్టించడానికి కాదు.

ప్రభాకర్ అమ్మను చూశాడు. అందరం చూశాం. అమ్మ పొట్టలో పొద్దుటి నుంచి నొప్పి, చేత్తో అదుముకొనే ఉంది.

"రేపు సంఘానికి పోకముందు యాదమ్మ కాడికి పో. ముందుగాల ఆమెకు చెప్పు. ఆడికెల్లి ఠాణాకు."

"కొడ్తరమ్మా."

"కొడ్తరు." అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "ఎంబడి నేనొస్త."

సునీత చాలాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకొని పిల్లల బట్టలు సర్దడం మొదలుపెట్టింది. అదే ఒప్పుకోవడం. పిల్లలను తీసుకొని తను మొదటి బస్సుకు మేడ్చల్‌లో తన అన్న ఇంటికి. అమ్మ, ప్రభాకర్, నేను యాదమ్మ గడపకు. తర్వాత ఠాణా. ఇదీ నిర్ణయం.

ప్రభాకర్ ఇప్పుడే వచ్చి అడిగాడు. "అక్కా, రేపటి రొట్టెల నాకొక ముక్క దాస్తవా?"

దాస్తానన్నాను.

గేటు బయట తెల్ల జీపు. దీపాలు పెట్టకముందు నుంచీ అక్కడే ఉంది. ఇంజన్ ఆపలేదు. ఎవరూ దిగలేదు.