నౌపడలో యుద్ధం ముగిసిన రోజు

సుమ్మాదేవి
ఫిబ్రవరి 12

ప్రియమైన దయమ్మ అప్పకు,

నీ ఒక్కగానొక్క తమ్ముడు ఫిన్నీ వందనాలు చెప్పి రాసుకుంటున్న సంగతి. ఫోను చేస్తే మోగడం లేదు. వాట్సాప్‌లో నీ బొమ్మ మాయమైపోయింది. అంటే నన్ను బ్లాకు చేశావన్నమాట. ఆటో వేసుకుని నౌపడ వస్తే మొహం మీదే తలుపు వేసేశావు. పోస్టుమేన్‌ని మాత్రం బ్లాకు చెయ్యలేవు కదా, అందుకని ఈ ఉత్తరం. పదో తరగతి తప్పిన తరవాత నేనింత పొడుగు రాయడం ఇదే. అక్షరాలు సంతలో వదిలేసిన మేకల్లా తలో దిక్కూ పోతుంటాయి, నువ్వే తోలుకుని చదువుకో.

జరిగింది జరిగినట్టు చెబుతాను. మా సన్యాసమ్మ టీ కొట్టు దగ్గర నీలకంఠం లేడూ, జీడితోట నీలకంఠం, వాడికి ఈ రష్యా ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. పొద్దున్నే చుట్ట వెలిగించి, ఎవడు ఎటు నుంచి రావాలో, ఏ వంతెన పడగొట్టాలో చెబుతాడు. సొంత తోట గట్టు ఎక్కడుందో పక్కవాడితో ఇన్నేళ్ళుగా తేల్చుకోలేనివాడు రెండు దేశాల హద్దు తేలుస్తున్నాడు! నేను మధ్యలో ఏదో అనబోతే, "ఊరుకో బావా, ఆటో హేండిలు తప్ప నీకేటి తెలుసు?" అన్నాడు అందరి ముందూ.

నాకు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి ముక్కు నొక్కిపట్టి, టీవీలో వార్తలు చదివేవాడి గొంతు పెట్టి ఫోనులో రికార్డు చేశాను. "ఇప్పుడే అందిన వార్త. రష్యా ఉక్రెయిన్ యుద్ధం ముగిసింది. రెండు దేశాలూ సంతకాలు చేశాయి. అక్కడ పని చేస్తున్న తెలుగువారికి ఇక ఏ భయమూ లేదు." టీవీవాళ్ళ టంగు టంగు కోసం సత్తు గిన్నె మీద గరిటెతో నేనే కొట్టాను. నీలకంఠానికి పంపాను. వాడు నమ్మేసి కొట్లో ఉన్నవాళ్ళందరికీ టీలు ఇప్పించాడు. నేను నవ్వు ఆపుకోలేక గ్లాసులో టీ మీద పోసుకున్నాను.

అక్కడితో అయిపోవలసింది. వాడు దాన్ని పలాసలో తనవాళ్ళకి పంపుతాడనీ, అక్కడి నుంచి మన చర్చి సంఘం స్త్రీల గ్రూపులో పడుతుందనీ, నువ్వు వింటావనీ నేను కలగన్నానా? నా మేనల్లుడు ప్రదీపు ఆ రష్యాలోనే వెల్డింగు చేస్తున్నాడని నాకు తెలియక కాదు. ఆ గరిటె కొడుతున్నప్పుడు మాత్రం గుర్తులేదప్పా.

నువ్వు వాడి కోసం ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన చేస్తున్నావని తెలుసు. మనవాళ్ళలో ప్రార్థన ఫలిస్తే కృతజ్ఞత కూడిక పెట్టి సంఘానికి అన్నం పెట్టడమూ తెలుసు. కానీ వార్త విన్న రెండో రోజుకే మేకను కోయించేస్తావా? కాస్త టీవీ పెట్టి చూడవలసింది. కూడిక మర్నాడు నీలకంఠం చూశాడు. యుద్ధం యుద్ధం లాగే ఉంది. గొంతు ఎవరిదో వాడే తేల్చి ఊరంతా చాటాడు.

నేనూ కూడికకి వచ్చాను. చెబుదామనే వచ్చాను. నువ్వు ముందు విస్తరి నాకే వేశావు. కూర మరీ బాగుంది. తరవాత చెబుదాంలే అనుకున్నాను.

ఇంక కోపం చాలు. బ్లాకు తియ్యి.

నీ చేతి దెబ్బలకు అలవాటుపడిన వీపుతో,
ఫిన్నీ


నౌపడ
ఫిబ్రవరి 16

ఫిన్నీకి,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు.

టీవీ పెట్టి చూడవలసింది అని నాకు రాస్తావా? తప్పు టీవీదీ, మేకదీ, నీలకంఠానిదీ, నాదీ. నీది తప్ప.

ఆ రోజు కూడికలో పాస్టరు అయ్యగారు ప్రార్థన ముగించి, అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక ప్రదీపు ఫోను చేశాడు. అందరికీ వినబడేలా పెట్టాను. సంఘమంతా ఒక్క గొంతుతో "వందనాలు బాబూ" అంది. వాడేమన్నాడో నీకు గుర్తుందా? "అమ్మా, మాతోటోలు కొందరు ఎల్లిపోతన్నారు. నన్నూ రమ్మంతన్నారు. టికెట్టు తీసీమంతావా?" అన్నాడు. నేనేమన్నాను? "యుద్ధం అయిపోనాది కదరా నాన్నా, మరి బయమేటి? పని ముగించుకునే రా" అన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు.

నువ్వు నా ఎదురుగానే కూర్చున్నావు. నోట్లో ఎముక ఉంది. అది తీసి పక్కన పెట్టి, "వద్దప్పా, రమ్మను" అనడానికి నీకు ఎంతసేపు పట్టేది? నువ్వు ఆ ఎముక చప్పరిస్తూ విస్తరి వంక చూశావు.

తోటివాళ్ళు వెళ్ళిపోయారు. నా కొడుకు ఉండిపోయాడు. వాడున్న వైపు డ్రోన్లు పడుతున్నాయని చెప్పుకుంటున్నారు. నేను ఉప్పు మడిలో పారతో నిలబడితే, పక్కన పనిచేసేవాళ్ళు నేను రాగానే మాటలు ఆపేస్తున్నారు.

నాకింక రాయకు.

దయమ్మ


సుమ్మాదేవి
ఫిబ్రవరి 22

ప్రియమైన అప్పకు,

రాయకు అన్నావు. రాస్తున్నాను. చదవకుండా పొయ్యిలో పెట్టినా సరే.

ఎముక సంగతి నిజం. నువ్వు చూడలేదనుకున్నాను. వాడు టికెట్టు మాట ఎత్తగానే నాకు నిజం గొంతు దాకా వచ్చింది. అప్పుడు చుట్టూ చూశాను. అంతమంది నవ్వు మొహాలు. ఇప్పుడు చెబితే వీళ్ళు నన్ను ఇక్కడే పాతేస్తారు అనిపించింది. అప్పా, నేను భయపడ్డది నా వీపు కోసం. ఇన్నాళ్ళూ అందరి వీపుల మీదా అట్టముక్కలు అంటించి నవ్వినవాణ్ణి, నా వీపు దగ్గరికి వచ్చేసరికి మేనల్లుణ్ణి అడ్డం పెట్టాను.

నా మొదటి ఉత్తరం ఇంకా నీ దగ్గరుంటే చింపేయి. దానిలో నేను నవ్వుతూ రాశాను.

ఇప్పుడు ఆటో కట్టేసి రోజూ నీలకంఠం ఇంట్లో టీవీ ముందే కూర్చుంటున్నాను. వాడు కూతురి స్కూలు పుస్తకంలోంచి పటం తీసి సన్యాసమ్మ కొట్టు గోడకి అంటించాడు. ప్రదీపు ఉన్న ఊరి పేరు నా నోటికి తిరగదు, రాయమంటే చెయ్యి కూడా తిరగదు. అక్కడ జీడిపిక్క రసంతో చుక్క పెట్టాడు. ఆ మరక ఇంక పోదు. రోజూ పొద్దున్న కొట్టుకి వచ్చినవాళ్ళు ముందు ఆ చుక్క చూసి, తరవాత నన్ను చూసి, తరవాత టీ అడుగుతున్నారు.

నిన్న సాయంత్రం వార్తల్లో ఆ చుక్క దగ్గరే ఒక ఫ్యాక్టరీ తగలబడుతూ కనిపించింది. ప్రదీపు పనిచేసేదేనా అని నీలకంఠాన్ని అడిగాను. ఏ ప్రశ్నకైనా తడుముకోకుండా చెప్పేవాడు, టీవీ గొంతు తగ్గించాడు. "బావా, ఇంటికెల్లు. ఏదైనా తెలిత్తే నానొచ్చి సెప్తాను" అన్నాడు. వాడు నన్ను వెక్కిరించి ఉంటే బాగుండేది.

ప్రదీపు ఫోను చేశాడా? ఆ ఒక్క మాట రాయి.

నీ తమ్ముడు అని రాయడానికి సిగ్గుపడుతూ,
ఫిన్నీ


నౌపడ
ఫిబ్రవరి 26

ఫిన్నీకి,

ఫోను రాలేదు. నేను చేస్తే మోగడం లేదు.

అయ్యగారు వచ్చి, "దయమ్మా, మళ్ళీ ఉపవాస కూడిక పెడదామా?" అని అడిగారు. వద్దన్నాను. చెయ్యని మేలుకి దేవుడికి ముందే మేకను కోసి కృతజ్ఞతలు చెప్పేసినదాన్ని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అదే మేలు అడగను?

దయమ్మ


సుమ్మాదేవి
మార్చి 4

ప్రియమైన అప్పకు,

నీ ఉత్తరం నాలుగు ముక్కలే. అది జేబులో పెట్టుకుంటే ఆటో ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టుంది.

ఆదివారం మా సుమ్మాదేవి చర్చి ఆరాధనలో సాక్ష్యాలు చెప్పమన్నప్పుడు నేను లేచాను. పుట్టి బుద్ధెరిగి సాక్ష్యానికి లేవడం అదే మొదలు. నేను లేవగానే ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వేశారు. ఫిన్నీ లేచాడంటే ఏదో వేషం వేస్తాడని. నేను నోరు తెరవకముందే అలా నవ్వుతుంటే, ఇన్నేళ్ళు నేను సంపాదించుకున్నది ఇదేనా అనిపించింది.

చెప్పాను. గొంతు నాదే అన్నాను. గిన్నె, గరిటె, అన్నీ చెప్పాను. ప్రదీపు టికెట్టు అడిగినప్పుడు నోరు మూసుకున్నది కూడా చెప్పాను. "మా అప్ప అమాయకంగా నమ్మింది. ఆవిడ్ని ఎవరూ ఒక్క మాట అనకండి. తప్పంతా నాది" అన్నాను. నవ్వులు ఆగిపోయాయి. అయ్యగారు పాట అందుకోమన్నారు. ఎవరికీ పాట రాలేదు.

బయటికి వచ్చాక ఎవరైనా కొడతారనుకున్నాను. కొట్టలేదు. పాటలు పాడే షైని వచ్చి, "మావా, ఆ రికార్డు నానే పదిమందికి పంపినాను. నువ్వొక్కడివే ఎందుకు నిలబడ్డావు? నన్నూ పిలవాలి కదా" అని ఏడ్చింది. ఆ పిల్లకి ఏం చెప్పను?

ప్రదీపును పంపిన ఏజెంటు కోసం పలాస వెళ్ళాను. గదికి తాళం. టెక్కలి ఆర్డీవో ఆఫీసులో ప్రదీపు ఆచూకీ కోసం అర్జీ ఇచ్చాను. అక్కడి గుమస్తా, "మీ కుర్రాడు వచ్చేసే వీలున్నా ఎందుకు ఉండిపోనాడు?" అని అడిగాడు. రాసుకోడానికి కలం పట్టుకుని నా మొహం వంక చూస్తున్నాడు. "యుద్ధం అయిపోయిందని ఎవడో వెధవ చెప్పాడండి" అన్నాను. "ఎవడాడు?" అన్నాడు. "నేనేనండి" అన్నాను. కలం కింద పెట్టేశాడు. మళ్ళీ తీసి రాసుకున్నాడులే.

బ్లాకు తియ్యమని అడగను. క్షమించమనీ అడగను. తలుపు మాత్రం ఒకసారి తియ్యి. లోపలికి రాను, అరుగు మీద కూర్చుంటాను. ఒక్క మాట మాట్లాడను. నేను మాట్లాడకుండా కూర్చోగలనా అని నీకు నమ్మకం ఉండదు. వచ్చి చూడు.

నీ గుమ్మం బయట చోటు అడుగుతున్న,
ఫిన్నీ


నౌపడ
మార్చి 10

ప్రియమైన ఫిన్నీకి,

ప్రదీపు బతికే ఉన్నాడు.

నేను మడిలో ఉప్పు లాగుతుంటే ఫోను మోగింది. తెలియని నంబరు. వాళ్ళు పడుకునే షెడ్డు కాలిపోయిందట, ఫోను అందులోనే పోయింది. వాడి రెండు అరచేతులూ కాలాయి. ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో ఉన్నాడు. ఇచ్ఛాపురం వైపు ఒడియా కుర్రాడొకడు తన ఫోను వాడి చెవి దగ్గర పట్టుకుని మాట్లాడించాడు. ఇంటికి పంపిస్తున్నారు.

ఇది చెప్పడానికే అయితే నీ బ్లాకు తీసి ఫోనే చేసేదాన్ని. ఇంకొకటి ఉంది. అది నోటితో చెప్పలేను.

నీ రికార్డు నాకు పక్కింటి నాగమణి వినిపించింది. మొదటి మాటకే నీ గొంతు పోల్చుకున్నాను. అమ్మ పోయాక నిన్ను చంకన వేసుకుని పెంచినదాన్ని. నువ్వు ముక్కు పట్టుకున్నా, నోరు పట్టుకున్నా నాకు తెలియదా? గిన్నె మీద గరిటె అని కూడా తెలిసింది.

తిట్టడానికి నోరు తెరిచేలోగా నాగమణి నన్ను పట్టుకుని ఏడ్చేసింది. వీధి వీధంతా వచ్చేసింది. "నీ ఉపవాసం పలించినాదే దయమ్మా" అన్నారు. అంతకుముందు నన్ను చూస్తే తల వంచుకుని పోయేవాళ్ళు, పక్కన కూర్చుని వక్క పెట్టారు. ఒక్క రోజు యుద్ధం లేకుండా ఉందామనిపించింది ఫిన్నీ. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఈలోగా ఎవరో కూడిక మాట ఎత్తారు. నేను ఊ అన్నాను. ఇంతమంది అయిపోయింది అయిపోయింది అంటుంటే, ఏమో, నిజంగానే అయిపోతుందేమో అనుకున్నాను.

వాడు ఫోనులో టికెట్టు అడిగాడు. వచ్చేయరా అనాలి. అంటే, ఎందుకు అని అందరూ అడుగుతారు. నా అన్నం తింటున్నవాళ్ళ ముందు, ఇది అబద్ధపు కూడిక అని చెప్పుకోవాలి. చెప్పలేకపోయాను. నలుగురి ముందు పరువు కోసం నా కడుపున పుట్టినవాణ్ణి అక్కడే ఉండమన్నాను. నీ నోట్లో ఎముకైనా ఉంది. నా నోరు ఖాళీగానే ఉంది.

ఆ తరవాత నీ మొహం మీద తలుపు వేశాను. లోపల తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. నువ్వు సంఘం ముందు తప్పంతా మీద వేసుకున్నావని షైని వచ్చి చెప్పింది. విని, అలాగా అన్నాను. అంతే అన్నాను. నీ ఉత్తరాలు ఒక్కొక్కటీ వస్తుంటే, నిన్ను తిట్టి రాయడమే నాకు తేలికైపోయింది.

ఇవాళ ప్రదీపుకి చెప్పేశాను. వాడు, "నానిక్కడే ఉన్నాను కదమ్మా. యుద్ధం అయిపోనాదో లేదో నాకు తెలీదేటి? నువ్వంత సంబరంగా ఉన్నావు, అందరూ హల్లెలూయ అంతన్నారు. కాదని ఎలాగ సెప్పీది?" అన్నాడు. నేను పార పక్కన పడేసి గట్టు మీద కూర్చున్నాను.

ఈ ఆదివారం నౌపడ సంఘంలో నేనూ లేస్తాను. అది నా పని, నువ్వు రానక్కర్లేదు.

శనివారం మాత్రం రావాలి. ప్రదీపు మధ్యాహ్నం రైలుకి పలాసలో దిగుతున్నాడు. ఆ రైలు నౌపడలో ఆగదు. వాడు ఏదీ పట్టుకోలేడు, సామాను నువ్వే దించాలి. నేనూ వస్తాను గానీ, వాడి చేతులు చూస్తే నాకు మాట రాదు. నువ్వు ముందు నడువు. ఏదో ఒకటి వాగు. వాడు నవ్వితే అప్పుడు నీ వెనక నుంచి వస్తాను. నవ్వకపోతే, వెనకే ఉండి ఆటో దాకా నడుస్తాను.

నీ అప్ప,
దయమ్మ