గడ్డిమేక కొమ్ములు

నాయనమ్మా,

నువ్వు లేకుండా ఇది మొదటి క్రిస్మస్. మిషన్ దవాఖానలో స్వీడన్ దొరసాని నీకు నేర్పిన వాళ్ల దేశపు క్రిస్మస్ బొమ్మ, వరిగడ్డి మేకను, ఈసారి నేనే కట్టాను. ఎర్ర దారం బాగానే చుట్టాను గానీ, కొమ్ములు ఒంపు తిరగక గాడిద చెవుల్లా నిక్కబొడుచుకున్నాయి. ఎప్పటిలాగే ఎవరూ చూడకుండా పక్కింటి ఎల్లమ్మత్త గడపలో పెట్టి వచ్చాను. పండుగ పొద్దుటికల్లా ఆమె కూడా దొంగచాటుగా దాన్ని మనింటికి చేర్చాలి కదా!

చర్చికి బయల్దేరే వేళకూ మేక రాలేదు. ఎల్లమ్మత్తను అడిగితే, "నాకేమెరుక బిడ్డా? మా మేకలు తిన్నయేమో" అంది, నవ్వు ఆపుకుంటూ.

"గాడిద అనుకొని పొయ్యిల పెట్టుంటది" అన్నాడు బాపు.

ఇద్దరినీ నమ్మలేదు నేను. ఆమె మేకల కొట్టంలోకి తొంగి కూడా చూశాను.

చర్చి నుంచి వచ్చేసరికి మేక మన కిటికీలో ఉంది. నేను కట్టిందే. కొమ్ములు మాత్రం ఎవరో విప్పి, మూడు పాయలుగా మళ్లీ అల్లారు. అచ్చం ప్రతి ఏడూ ఆమె ఇంటి నుంచి తిరిగొచ్చే నీ మేకకు ఉండే ఒంపే. కొసన అదే ముడి.

నిజం చెప్పు నాయనమ్మా. ఇన్నేళ్లూ ఇంటిల్లిపాదీ మెచ్చుకున్న ఆ కొమ్ములు అల్లింది నువ్వేనా?